శాపం లేని జీవో

అనంతపురం మ్యూజియానికి అధికారిని వేసేది నగరపాలక కౌన్సిల్ కాదు, రాష్ట్ర పురావస్తు శాఖ. కార్పొరేటర్లు బతికిపోయారు. లేకుంటే ఈపాటికి 'మావాడంటే మావాడు' అని నొళంబ రాజుల నంది సాక్షిగా కుర్చీలు లేచేవి!

సర్కారీ ఖాళీలకు ఎలాగూ మందొకటుంది: 'పూర్తి అదనపు బాధ్యతలు'. దీనికి నోటిఫికేషన్ అక్కర్లేదు, ఇంటర్వ్యూ అక్కర్లేదు, ఎందుకిచ్చారో చెప్పే పనీ లేదు.

పాతకాలంలో ఇలా కాదు. 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న హేమావతి నొళంబుల రాజధాని. ఆ కాలంలో గుడికో చెరువుకో మడిచెక్క రాసిస్తే, ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, పొలిమేరలేవి, సాక్షులెవరు, అన్నీ రాతి మీద చెక్కి నలుగురూ తిరిగేచోట నిలబెట్టేవారు. చెరిపినవాడు కాశీలో ఆవుల్ని చంపిన పాపాన పోతాడని చివర్లో శాపం కూడా పెట్టేవారు.

మనకు 2005 నుంచి సమాచార హక్కు చట్టముంది. అడక్కముందే చెప్పాలని అందులో నాలుగో సెక్షన్ మొత్తుకుంటోంది. అయినా 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం జీవోల వెబ్‌సైట్లో ఉత్తర్వులు పెట్టడమే మానేసింది. మళ్లీ పెట్టడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. పాపం, జీవో చివర శాపం రాసే ఆనవాయితీ లేదు కదా!

ఈసారి మ్యూజియం అధికారి ఉద్యోగ ప్రకటనను అర్హతలు, ఇంటర్వ్యూ మార్కులతో సహా తాడిపత్రి బండ మీద చెక్కించి క్లాక్ టవర్ దగ్గర పాతించండి. ఇక్కడ కరువు వానకే గానీ రాళ్లకు కాదు. చెక్కే టెండరు ఎవరికిచ్చారని మాత్రం అడక్కండి.