పిన్ను తెగితే గడ్డపార

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి రావడం మొదలైతే చాలు, ఎమ్మిగనూరు రోడ్డు మీద ఇంజినీరింగ్ కాలేజీ తెరిచేస్తారు. ఫీజు లేదు, ఎంట్రన్స్ లేదు. ట్రాక్టర్‌కూ ట్రాలీకీ మధ్య హుక్కు పిన్ను తెగితే సీటు వచ్చినట్టే.

"పిన్ను తెగిపాయెప్పా" అంటాడు డ్రైవరు. "ఏం గాదులే, గడ్డపార ఉండాదా?" అంటాడు పక్క చేనాయన. ట్రాలీ ముక్కు కింద జాకీ పెడితే ట్రాలీ లేవదు, జాకీనే నల్లరేగడిలోకి దిగుతుంది. దానికింద బండ పరిచి మళ్లీ ఎత్తుతారు. పిన్ను బొక్కలోకి గడ్డపార దింపి, ఎగిరి పడకుండా పాత సైకిల్ ట్యూబు చుట్టి, బైండింగ్ వైరుతో బిగిస్తారు. పైకి మిగిలిన గడ్డపారకు డ్రైవరు తువ్వాలు తగిలిస్తాడు. ఇది యార్డు దాకానే అని అందరూ ఒప్పుకుంటారు. వచ్చే ఏడాది కూడా అదే గడ్డపార, తువ్వాలే మారుతుంది.

తొందర ఎందుకంటే, రాత్రంతా మంచులో నిలిస్తే పత్తికి చెమ్మ పడుతుంది. తేమ 12 శాతం దాటితే పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ ముట్టుకోదు. తేమ కొలవడానికి మిషన్ ఉంది. పిన్ను అరుగుదల కొలిచే మిషన్ మాత్రం ఎవరూ పెట్టలేదు.

1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు ఎమ్మిగనూరు. అక్కడ నూలు, ఇక్కడ పత్తి. నడుమ రోడ్డు మీద రైతు ఏడాది కష్టం బైండింగ్ వైరుతో వేలాడుతుంటుంది.

ప్రమాదం కలిగేలా బండినిగానీ ట్రెయిలర్‌నుగానీ రోడ్డు మీద నిలపొద్దని 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతుంది. మనవాళ్లు చట్టాన్ని గౌరవించి వెనక ఒక కంపకొమ్మ పడేస్తారు. చీకట్లో ఆ కొమ్మ కనబడాలంటే ముందు దాన్ని గుద్దుకోవాలి.

అసలు తంటా రిపేరు అయినాక. ట్రాలీ కదులుతుంది, చక్రాల కింద పెట్టిన రాళ్లు అక్కడే ఉంటాయి. వెనకొచ్చే మోటార్‌సైకిల్ మనిషికి పత్తితో సంబంధం లేదు, పళ్లు మాత్రం ఆయనవే ఊడతాయి.

అప్పా, మీ చేతి పనికి దండం. పోయేముందు ఆ రాళ్లు, ఆ కంప తీసి గట్టున పడేయండి. పత్తి అమ్మిన డబ్బులో కొత్త పిన్ను ఒకటి కొనండి. గడ్డపార చేన్లో పనికొస్తాది.