మన వాటాకే కిరాయి

తిరువూరులో కొత్తగా కొట్టు తెరిచినవాడికి ముందుగా దొరికేది ఉచిత సలహా. "లారీ మొత్తం మాట్లాడుకోవడం దండగండీ, పార్ట్ లోడు వేసేయండి. మన వాటా చోటుకే కిరాయి." ఎంత న్యాయమైన మాట! వినగానే బుకింగు ఆఫీసుకు పరిగెత్తాలనిపిస్తుంది.

"ఎప్పటికి చేరుద్దండీ?"

"ఎల్లుండికల్లా దిగుద్దండీ."

"ఖాయమేనా?"

"బండి నిండితే ఖాయమే."

బండి నిండేదాకా మన సరుకు బెజవాడ గోడౌన్లో నిద్ర చేస్తుంది. తర్వాత హైదరాబాద్‌లో దిగి ఇంకో బండి, నాగపూర్‌లో దిగి మరో బండి ఎక్కుతుంది. దిగిన ప్రతిచోటా హమాలీ, ఎక్కిన ప్రతిసారీ ఓ దెబ్బ. అట్టపెట్టె మీద ‘ఈ వైపు పైకి’ అని బాణం గుర్తు వేశామంటారా? హమాలీకి పెట్టెకింత అని కూలి. బాణాలు చదివినందుకు ఎవరూ అదనంగా ఇవ్వడం లేదు.

ఇనుప సామాను అయితే ఈ దేశాటనను తట్టుకుంటుంది. మామిడిని కూడా ఇలాగే పంపే మహానుభావులు ఉన్నారు. ఒక్క కాయ మెత్తబడితే చాలు, అది వదిలే ఇథిలీన్ వాయువుకు పక్క కాయలన్నీ పండటం మొదలెడతాయి. పైన టార్పాలిన్, కింద మే నెల రోడ్డు, నెత్తిన ఎవరిదో పంపుసెట్టు. ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీలో పెట్టె విప్పేసరికి బంగినపల్లి రసం తయారుగా ఉంటుంది. కిరాయిలో ఆదా చేసింది మాత్రం లెక్కపుస్తకంలో చెక్కుచెదరదు.

అసలు వినోదం సరుకు పాడయ్యాక మొదలవుతుంది. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఎక్కువ రిస్కు రేటు కట్టడానికి ముందే ఒప్పుకోకపోతే, రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది. మూడొందల కిరాయికి మూడువేలు. అంటే ఎంత చవగ్గా పంపితే అంత చవగ్గా నష్టపోయే హక్కు మనది. ఆ రిస్కు రేటేదో కడదామా? అబ్బే, అదో ఖర్చు! పైగా సరుకు విలువ యాభైవేలు దాటితే ఈ-వే బిల్లు తీయాలి కాబట్టి, డెబ్భైవేల సరుకుకు 49,500 అని ముందే భక్తిగా రాసి ఉంటాం. తీరా పెట్టెలు పగిలాక అదే గుమస్తా ముందు నిలబడి డెబ్భైవేలని ప్రమాణం చేస్తాం.

2014 తర్వాత మనకు ఇంకో సౌకర్యం కూడా కలిగింది. పెనుబల్లి వైపు కాస్త దూరం పోతే చాలు, రాష్ట్రం మారుతుంది. బండిలో పదిమంది సరుకుండి అందులో ఒకడి కాగితాలు తేడాగా ఉన్నా, తనిఖీవాళ్లు బండినే ఆపేయొచ్చు. పక్కవాడు రాసిన 49,500కి మన సరుకు కూడా రోడ్డు పక్కన కాపలా కాస్తుంది. కిరాయి మాత్రం, నిజమే, మన వాటాకే.

ఇదంతా విని, ఫుల్ లోడు మాట్లాడేవాళ్లంతా జ్ఞానులని అనుకోకండి. పది టైర్ల లారీకి బండితో సహా 28.5 టన్నుల దాకా మోయడానికి 2018 నుంచి అనుమతి ఉంది. మనవాడి సరుకు ఆరు టన్నులు. అయినా బండి ఇంటిముందు ఆగితే వీధంతా చూడాలిగా! చిన్న బండి చాలదా అని అడగడు. సరుకు దించి ఖాళీగా తిరిగెళ్లే బండి తక్కువకు దొరుకుతుందేమో కనుక్కోడు, అది బేరాలాడే బీదవాళ్ల పద్ధతని నమ్మకం. టెంకాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, పూర్తి కిరాయి చేతిలో పెట్టి సాగనంపుతాడు.

డ్రైవరు మైలవరం దాటాక బండాపి, ఆ ఖాళీ చోటులో ఇంకొకరి పార్ట్ లోడు ఎక్కించుకుంటాడు. వాళ్ల వాటాకే కిరాయి.