నార్డాల్ తొడిగిన పసుపు జెర్సీని

నేను స్వీడన్ ఫుట్‌బాల్ జట్టు పసుపు జెర్సీని. 1948 లండన్ ఒలింపిక్స్‌లో నన్ను తొడుక్కున్నవాడు గున్నార్ నార్డాల్. ఉత్తర స్వీడన్‌లోని హోర్నెఫోర్స్ ఆయన ఊరు. వృత్తి అగ్నిమాపక దళంలో. ఆ భుజాలు లోపల దూరితే నా కుట్లన్నీ బిగుసుకునేవి. నోర్‌షోపింగ్ క్లబ్బుకు 95 లీగ్ మ్యాచ్‌ల్లో 93 గోల్స్ కొట్టిన మనిషి మరి!

డెన్మార్క్‌తో సెమీఫైనల్ చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మా దాడి సాగుతుండగా ఆయన ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడు. అక్కడే నిలబడితే గోల్ చెల్లదు, వెనక్కి రావడానికి వ్యవధి లేదు. ఒక్క ఉదుటున గోల్ గీత దాటి వలలోకి దూకేశాడు. ఆ క్షణంలోనే హెన్రీ కార్ల్‌సన్ తలతో కొట్టిన బంతి లోపలికి వస్తే, వలలోనే ఉన్న నార్డాల్ దాన్ని చేతులతో పట్టుకున్నాడు. గోల్ ఇచ్చారు. కండబలం ఉన్నవాడనే ఆయన్ని లోకం గుర్తుపెట్టుకుంది. ఆ బుర్ర ఎంత చురుకైనదో నాకు తెలుసు.

ఆ మ్యాచ్ 4-2తో గెలిచాం. వెంబ్లీలో ఫైనల్‌లో యుగోస్లావియాను 3-1తో ఓడించాం. మా జట్టులోని గున్నార్ గ్రెన్ రెండు గోల్స్, నార్డాల్ ఒకటి. ఆ పోటీల్లో ఆయనవి మొత్తం ఏడు గోల్స్. అన్నలు బెర్టిల్, క్నుట్ కూడా అదే జట్టులో ఉన్నారు. ఒకే ఇంటికి మూడు బంగారు పతకాలు!

1949 జనవరిలో మిలాన్ క్లబ్బు ఆయన్ని తీసుకుపోయింది. డబ్బు తీసుకుని ఆడేవాడికి స్వీడన్ జట్టులో చోటు లేదన్నది అప్పటి నియమం. అంతే, 27 ఏళ్లకే నాకూ ఆయనకూ బంధం తెగింది. దేశం తరఫున 33 మ్యాచ్‌లు, 43 గోల్స్. ఎరుపు, నలుపు చారల చొక్కా నా స్థానం తీసుకుంది.

దానికి దక్కిన వైభవం చూడండి. ఆ ఏడే గున్నార్ గ్రెన్, నిల్స్ లీడ్‌హోమ్ కూడా మిలాన్ చేరారు. ముగ్గురి పేర్లనూ కలిపి జనం ‘గ్రె-నో-లి’ అన్నారు. 1949-50 సీజన్‌లో నార్డాల్ ఒక్కడే 35 గోల్స్ కొట్టాడు. 1951లో మిలాన్ 44 ఏళ్ల తర్వాత ఇటలీ ఛాంపియన్ అయింది. లీగ్‌లో అత్యధిక గోల్స్ వీరుడిగా ఆయన నిలిచింది ఐదుసార్లు. మిలాన్‌కు లీగ్ గోల్స్ 210.

ఈ ముగ్గురూ లేకుండానే స్వీడన్ 1950 ప్రపంచకప్‌లో మూడో స్థానం సాధించింది. ఆ కుర్రాళ్లంటే నాకెంతో గౌరవం. కానీ అదే జట్టులో నార్డాల్ ఉండి ఉంటే? ఈ ప్రశ్న నన్ను వదలదు. కూలి తీసుకోవడం నేరమా? మంటలార్పితే జీతం ఇచ్చిన దేశమే, బంతి తన్ని సంపాదిస్తే పరాయివాణ్ని చేసింది. అది అన్యాయమనే అంటాను.

1958లో ప్రపంచకప్ స్వీడన్‌కే వచ్చింది. ఈలోగా నియమం సడలింది. లీడ్‌హోమ్ కెప్టెన్‌గా తిరిగొచ్చాడు, 37 ఏళ్ల గ్రెన్ కూడా వచ్చాడు. బ్రెజిల్‌తో ఫైనల్‌లో నాలుగో నిమిషంలోనే లీడ్‌హోమ్ గోల్ కొట్టాడు, చివరికి 5-2తో ఓడాం. అప్పటికి నార్డాల్‌కు 36 ఏళ్లు. ఆ జట్టులో ఆయన పేరు లేదు.