పదో నంబర్ల దిగిండు: సటీకా తాత్పర్యం

అవతారిక

వ్యాఖ్యాతలకు తెలంగాణలో ఎప్పుడూ కొదవ లేదు. మెదక్ దిక్కు కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు టీక రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది పలకననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు బడిపిల్లలకు ప్రతిపదార్థాలు చెప్పిన నేను అటువంటి ఒట్టేమీ పెట్టుకోలేదు. ఈ కింద రాసినదాంట్లో సగం మూలంలో లేనిదే. మిగతా సగం అక్కర ఉందో లేదో చదివినవాళ్లు తేల్చుకోవాలి.

సందర్భం చెప్తాను. 2022 నవంబరు 20, కార్తీకంలో ఆఖరి ఆదివారం. మనవరాలి అక్షరాభ్యాసానికని బాసర వచ్చాం. పూజ మర్నాడు పొద్దున. ఆడవాళ్లు గదిలో పలకా బలపం, బియ్యం, పసుపు సర్దుకుంటుంటే నేను చాయ్ వంకతో బయటపడ్డాను. స్టేషన్ దిక్కు ఒక చిన్న హోటల్. అందులో ఇద్దరు కుర్రాళ్లు ఒకే ఫోన్ మీద రెండు తలలు ఆనించి కూర్చున్నారు. ఒకడి మెడలో ట్రిపుల్ ఐటీ కార్డు. రెండోవాడు వాడి మేనబావ, నిజామాబాదులో మెకానిక్ షెడ్డు. ఫోన్‌లో అబుదాబి. అక్కడ ఫార్ములా వన్ కార్ల పందెం. సెబాస్టియన్ వెటెల్ అనే జర్మనీవాడు ఆ పూట ఆఖరిసారి నడుపుతున్నాడట. మన గడియారం ప్రకారం ఆరున్నరకు మొదలైంది, ఎనిమిదికి అటూ ఇటుగా ముగిసింది. మధ్యలో సిగ్నల్ పోయి తెర మీద చిన్న చక్రం తిరిగినప్పుడల్లా, అదే పందెం కాబోలనుకుని నేను శ్రద్ధగా చూశాను.

ముగిసిన అరనిమిషానికి బావ నోట వెలువడిన వాక్యమే మనకు మూలం.

మూలం

"నాలుగుసార్లు చాంపియనైనోడు పదో నంబర్ల దిగిండు. ఒక్క పాయింటుకు గింత లొల్లా?"

ఇది గద్యం. అయినా యతి ఉంది. "దిగిండు" దగ్గర వక్త మిర్చి కొరికాడు. వ్యాఖ్యాత సమయానికి అక్కడే ఉన్నాడు గనుక ఈ యతి విషయంలో సందేహం లేదు.

ప్రతిపదార్థం

నాలుగుసార్లు = 2010, 2011, 2012, 2013, ఎడతెగకుండా. అప్పటికి ఇంతకు మించినవాళ్లు ముగ్గురే: అయిదుసార్లు గెలిచిన ఫాంజియో, ఏడేసిసార్లు గెలిచిన షుమాకర్, హామిల్టన్. సాటివాడు ఫ్రాన్సు దేశపు ప్రోస్ట్ ఒక్కడు. ఈ లెక్కంతా బామ్మర్ది వేళ్ల మీద ఒప్పజెప్పాడు. బావ హామిల్టన్ పక్షం గనుక "ఏడు" అన్నప్పుడు మాత్రం తలూపాడు.

చాంపియనైనోడు = చాంపియన్ అయినవాడు. "అయిన" అనే భూతకాల విశేషణంలోనే పూర్వపక్షం దాక్కుని ఉంది. అయినవాడు అంటే ఇప్పుడు కానివాడు. మాజీ సర్పంచును ఊళ్లో "సర్పంచయినాయన" అనడం వంటిది. పిలుపులో గౌరవం ఉంటుంది, కుర్చీ ఉండదు.

పదో నంబర్ల = పదవ స్థానములో. సప్తమీ విభక్తికి "ల" మా దిక్కు ప్రత్యయం. ఇక్కడ శ్లేష ఉంది. ఈ పందాల్లో మొదటివాడికి 25 పాయింట్లు, అలా తగ్గుతూ వచ్చి పదోవాడికి ఒకటి. పదకొండోవాడికి సున్న. కాబట్టి పది అంటే గట్టు. బావ దాన్ని నీళ్లలోంచి చూసి "దిగిండు" అన్నాడు. బామ్మర్ది ఒడ్డు మీదినుంచి చూసి ఇట్లా అన్నాడు: "బావా, నేను గూడ పదో క్లాసు మార్కులతోనే గీ బాసరకు వచ్చిన. పది అంటే నీకు తక్కువ గొడ్తుందా?" ట్రిపుల్ ఐటీలో పదో తరగతి కాగానే చేర్చుకుంటారు కదా. బావ దీనికి జవాబియ్యలేదు. మిర్చి కారంగా ఉందన్నాడు.

దిగిండు = దిగెను. ఈ క్రియకు మా భాషలో ఎన్ని అర్థాలున్నాయో రైలెక్కినవాళ్లకు తెలుసు. బాసరలో దిగడం, గోదావరిలో దిగడం, ధర దిగడం, మొహం దిగడం, గుండెలో ముల్లు దిగడం. బావ ఉద్దేశించినది స్థాయి దిగడం. బామ్మర్ది పట్టుకున్నది కారు దిగడం. వాదమంతా ఈ ఒక్క క్రియ మీదే నడిచింది గనుక ఇక్కడ కొంచెం ఆగాలి.

వెటెల్ కారు దిగిన సందర్భాల్లో మనకు దగ్గరిది 2013 అక్టోబరు 27. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ అని అయిదు కిలోమీటర్ల పైచిలుకు దారి కట్టారు. ఫార్ములా వన్ మన దేశానికి మూడే ఏళ్లు వచ్చింది: 2011, 2012, 2013. మూడింట్లోనూ గెలిచింది ఇతనే. మూడోసారి గెలవడంతో నాలుగో చాంపియన్ పట్టం కూడా అక్కడే ఖాయమైంది. అప్పుడు ఇతను కారును నిబంధన ప్రకారం ఆపవలసిన చోట ఆపకుండా, జనం ముందు నిలిపి, టైర్లు పొగలు కక్కేలా గింగిరాలు తిప్పి, దిగి, కారు ముందు మోకరిల్లి వంగి దండం పెట్టాడు. చేతి తొడుగులు జనంలోకి విసిరాడు. దసరాకు స్పానరు దగ్గర్నుంచి జేసీబీ దాకా బొట్టు పెట్టి నిమ్మకాయలు తొక్కించే దేశంలో ఇది వింతేమీ కాదు. కానీ పందెం పెద్దలు అతన్ని మందలించి, అతని జట్టుకు 25,000 యూరోల జరిమానా వేశారు. వాహనానికి దండం పెట్టినందుకు జరిమానా పడ్డ సందర్భం నాకు పురాణాల్లో దొరకలేదు. ఆ కారుకు అతను ఆకలిగొన్న హైదీ అన్న అర్థంలో ఒక పేరు కూడా పెట్టుకున్నాడట. ఏటా కొత్త కారుకు ఒక ఆడపేరు. మనవాళ్లు లారీ వెనక "అమ్మ దీవెన" అని రాయించుకున్నట్టు.

ఈ ఘట్టం చెప్తున్నప్పుడు బామ్మర్ది గొంతు మారింది. అప్పుడు వాడికి పన్నెండేళ్లుంటాయేమో. "దిగుడంటె గది బావా" అన్నాడు.

ఒక్క పాయింటు = ఏకైక అంకము. ఈ పదం దగ్గర వ్యాఖ్యాత కళ్లజోడు తుడుచుకోవలసి వచ్చింది. చూడటానికి చిన్నదే గానీ, మూలానికంతటికీ ఇదే గట్టి మాట. ఆ ఏడాది చివర వెటెల్ జట్టు ఆస్టన్ మార్టిన్‌కు మొత్తం 55 పాయింట్లు. ఆల్ఫా రోమియోకూ 55. సమానమైనప్పుడు ఎవరి మంచి ఫలితం ఎక్కువ మంచిదని చూస్తారు. అలా ఆల్ఫా ఆరో స్థానం ఎత్తుకుపోయింది, వీళ్లు ఏడు. ఇంకొక్క పాయింటు ఉంటే ఆరు వీళ్లదే. ఆ ఒక్క పాయింటు ఎక్కడుంది? వెటెల్‌కు సరిగ్గా ముందున్న కారులో. అందులో ఉన్నది రికియార్డో. అతనికీ తన జట్టులో అదే ఆఖరి రేసు. 2014లో రికియార్డో కొత్తగా వెటెల్ జట్టులోనే పక్క కారులోకి వచ్చి మూడు రేసులు గెలిస్తే, అప్పటికి నాలుగుసార్ల చాంపియన్ అయిన వెటెల్ ఆ ఏడంతా ఒక్కటి కూడా గెలవలేదు. ఎనిమిదేళ్ల తరవాత, ఆఖరి రోజు ఆఖరి రౌండ్లలో, మళ్లీ అదే మనిషి వెనక తరుముతూ, అందుకోలేక, పదోవాడుగా గీత దాటాడు.

ఇది విన్నాక నాకు పందెం అర్థమైనట్టే అనిపించింది. మధ్యలో తిరిగిన చక్రంతో సహా.

గింత = ఇంత. ముందు గకారం చేర్చడం వల్ల పరిమాణం రెట్టింపవుతుంది. కోస్తా పండితులు దీన్ని వ్యాకరణంలో ఒప్పుకోరు, మా దిక్కు కిరాణా దుకాణంలో ఒప్పుకుంటారు.

లొల్లా = కోలాహలమా. కాకువు, అనగా ప్రశ్న రూపంలో ఎత్తిపొడుపు. ఏమిటా లొల్లి అంటే: గురువారం రాత్రి ఇరవైమంది డ్రైవర్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఇతనికి వీడ్కోలు విందు చేశారు. అలోన్సో అనే పాతకాపు ఇతని రంగులు దిద్దిన హెల్మెట్ పెట్టుకున్నాడు. రేసు ముగిశాక వెటెల్ మళ్లీ గింగిరాలు తిప్పాడు. ఈసారి ఎవరూ కోప్పడలేదు.

అన్వయం

బావ అన్వయం సూటిగా ఉంది. "గెలిచి దిగాలె. రోస్‌బెర్గ్ జూడు. 2016ల గిదే అబుదాబిల పట్టం గట్టుకున్నడు, అయిదొద్దులకు సలామ్ కొట్టి వోయిండు. గది మర్యాద." ఇది కేరమ్ బోర్డు సిద్ధాంతం. ఎర్రకాయ పడగానే లేవాలి.

బామ్మర్ది సిద్ధాంతం వేరు. షుమాకర్‌కు రెండు ఆఖరి రేసులున్నాయని వాడు గుర్తుచేశాడు. రెండూ బ్రెజిల్‌లో ఒకే మైదానంలో. 2006లో టైరు పంక్చరై అందరికంటే వెనకపడి, ఒక్కొక్కరినీ దాటుకుంటూ నాలుగోవాడుగా వచ్చి సెలవన్నాడు. నాలుగేళ్లకు మనసు మారి తిరిగొచ్చి, 2012లో ఏడోవాడుగా వచ్చి మళ్లీ సెలవన్నాడు. ఆ రెండోసారి తన వెనక వస్తున్న వెటెల్‌కు పక్కకు జరిగి దారిచ్చాడు. వెటెల్ ఆ పూటే మూడో పట్టం గెలిచాడు. "మరి ఏది ఆఖరిది బావా? ఏది జూసి కొలుస్తవ్?"

బావ మెకానిక్. ప్రశ్నకు ప్రశ్న వేయడం వాడికి రాదు, విడిభాగం చూపిస్తాడు. హాకెన్‌హైమ్, 2018 అన్నాడు. సొంతగడ్డ మీద ముందు నడుస్తూ, వానలో జారి, గోడకు కొట్టుకున్న రేసు. ఆ రోజు గెలిచింది పద్నాలుగో స్థానం నుంచి మొదలెట్టిన హామిల్టన్. ఫెరారీలో ఆరేళ్లుండి పద్నాలుగు గెలిచినా పట్టం రాలేదు. అంతకుముందు 2013లో మలేసియాలో, జట్టు పెద్దలు దాటొద్దన్నా సొంత జట్టువాణ్ణే దాటి గెలిచాడు. గురువాజ్ఞను మీరడమనే దోషం. దీన్ని బామ్మర్ది కూడా కాదనలేదు. "తప్పు జేసిండు" అని ఒప్పుకుని చాయ్ ఊదుకున్నాడు. వ్యాఖ్యాతకు వాడి మీద గౌరవం ఇక్కడ పుట్టింది.

పాఠాంతరం

2019 కెనడా రేసులో వెటెల్ అందరికంటే ముందు గీత దాటాడు గానీ, దారి తప్పి మళ్లీ ఎక్కినప్పుడు వెనకవాణ్ణి నలిపాడని అయిదు సెకన్ల శిక్ష వేశారు. దానితో గెలుపు హామిల్టన్‌ది అయింది. కార్లు ఆపే చోట 1, 2 అని బోర్డులు పెడతారు. ఇతను దిగి వచ్చి ఒకటో బోర్డు ఎత్తి తన కారు ఉండాల్సిన చోట పెట్టి, రెండో బోర్డు హామిల్టన్ కారు ముందు పెట్టాడు. తాళపత్రాల్లో లేఖకుడు చేసేపనిని మనిషి తన చేతులతో చేయడం ఇదే చూశాను. బావకు ఇది అపపాఠం. బామ్మర్దికి ఇదే ప్రామాణికం. పరిష్కర్తగా నేను రెండు పాఠాలనూ ఉంచేస్తున్నాను.

పేరులోనూ పాఠాంతరం ఉంది. బావ "వెట్టెల్" అన్నాడు. జర్మన్ వాళ్లు "ఫెటెల్" అంటారని బామ్మర్ది దిద్దాడు. వ్యాసుడుండి వెళ్లిన వ్యాసర వాసరయి, వాసర బాసరయిన ఊళ్లో కూర్చుని ఇంత పట్టింపు దేనికని నేనన్నాను. నేను మాట్లాడతానని వాళ్లనుకోలేదు. "సారు గూడ చూస్తుండు" అని బామ్మర్ది నాకు కాస్త జరిగి చోటిచ్చాడు.

తాత్పర్యం

తాత్పర్యం అంటే మూలం కంటే చిన్నదిగా ఉండాలని బళ్లో చెప్పేవాణ్ణి. 53 గెలుపులు, 299 పందాలు, నాలుగు పట్టాలు. మొదటి పట్టం దొరికింది కూడా 2010లో ఈ అబుదాబిలోనే, ఇరవై మూడేళ్లకే. కవి ఎంత గొప్పవాడైనా ఆశ్వాసం చివర గద్యలో తన పేరూ తండ్రి పేరూ చెప్పుకుని తప్పుకుంటాడు. ఆ గద్యను పట్టుకుని ఎవరూ కావ్యానికి మార్కులు వేయరు. కానీ ఆ గద్య లేకపోతే అది ఎవరి కావ్యమో తెలియదు. నా మటుకు నేను బామ్మర్ది పక్షం. రికియార్డో వెనక తరిమిన ఆ చివరి రౌండ్లు పదో స్థానం కోసం కాదు, తొమ్మిదో స్థానం కోసం. ముప్పై అయిదేళ్లవాడు, మర్నాటినుంచి ఉద్యోగం లేనివాడు, రెండు పాయింట్ల కోసం.

అనుబంధం: హైదరాబాదు ప్రకరణం

మర్నాడు పొద్దున మనవరాలు నా ఒళ్లో కూర్చుని బియ్యంలో "ఓం" దిద్దింది. సున్న బియ్యం పళ్లెం దాటి అయ్యగారి పంచె మీదికి పోయింది. అందరూ నవ్వారు.

మూడు నెలలు తిరక్కముందే మనకూ ఒక పందెం వచ్చింది. 2023 ఫిబ్రవరి 11, హుస్సేన్‌సాగర్ ఒడ్డున, కరెంటు కార్ల ఫార్ములా ఈ. ఈ దేశంలో అదే తొలిసారి. ఫ్రాన్సువాడు వెర్న్ గెలిచాడు. అతను వెటెల్ మొదటిసారి గెలిచిన టోరో రోసో జట్టులోనే ఒకప్పుడు నడిపినవాడు. మూడు కిలోమీటర్లు కూడా లేని ఆ దారి కోసం నగరం రోజుల తరబడి చుట్టు తిరిగింది. మరుసటి ఏడు రెండో రేసు ఉంటుందన్నారు, 2024 జనవరిలో రద్దయింది. బాసర లెక్కలో ఇది అక్షరాభ్యాసం రోజే టీసీ చేతికిచ్చి పంపడం. మొదటిదే ఆఖరిదైతే దేన్ని చూసి దేన్ని కొలవాలో బావను అడగాలని ఉంది గానీ, నిజామాబాదులో ఆ షెడ్డు ఎక్కడో అడగలేదు.

బాసర హోటల్లో ఆ రాత్రి సంగతి ఒకటి మిగిలింది. తొమ్మిదిన్నరకు హోటలాయన టీవీ పెట్టాడు. ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ మొదలవుతోంది. వాదం ఎక్కడిదక్కడ ఆగిపోయి, అయిదు నిమిషాల్లో ఇద్దరూ ఈక్వెడార్ పక్షం అయిపోయారు. లేచేముందు బామ్మర్ది ఆఖరి ముక్క ఒకటి వేశాడు. గురువారం నాటి ఆ విందు పెట్టించింది హామిల్టనేనట, ఇరవైమంది బిల్లూ అతనే కట్టాడట.

బావ ఏమీ అనలేదు. లేచి గల్లా దగ్గరికి వెళ్లి రెండు చాయ్‌లకూ రెండు ప్లేట్ల మిర్చికీ డబ్బులిచ్చాడు. నా చాయ్‌కి కూడా.