చంద్రముఖి మాత్రలు

కొబ్బరినీళ్లకు ఈమధ్య కొత్త ఉద్యోగం దొరికింది. ఎండదెబ్బకూ, విరేచనాలకూ, ఆస్పత్రిలో ఉన్న బంధువును చూడబోయేటప్పుడు వట్టి చేతులతో వెళ్లకుండా ఉండటానికీ పనికొచ్చే ఆ నీళ్లు ఇప్పుడు కార్టిసాల్‌ను దించుతున్నాయట. అరగ్లాసు కమలారసం, అరగ్లాసు కొబ్బరినీళ్లు, చిటికెడు ఉప్పు. ఉప్పు గులాబీ రంగుదైతే ఫలితం ఎక్కువ. దీనికి ‘కార్టిసాల్ కాక్‌టెయిల్’ అని నామకరణం కూడా అయింది. ఇదే నీళ్లు అమ్మమ్మ స్టీలు గ్లాసులో పోసి ఇస్తే ‘అబ్బా, ఇప్పుడొద్దు’ అంటారు. రీల్‌లో పొడుగు గాజుగ్లాసులో, పైన పుదీనా రెమ్మతో కనిపిస్తే సేవ్ చేసుకుంటారు.

మందు తాగాలంటే ముందు రోగం ఉండాలి. దానికీ ఏర్పాటు జరిగింది: ‘కార్టిసాల్ ఫేస్’. పొద్దున్నే అద్దంలో బుగ్గలు కాస్త ఉబ్బినట్టుంటే దానికి రాత్రి పదకొండింటి బిర్యానీ కారణం కాదు, దాని పక్కన నంజుకున్న ఊరగాయా కాదు, బోర్లా పడుకోవడం అసలే కాదు. ఆఫీసులో మేనేజరు. మేనేజరు వల్ల ఒత్తిడి, ఒత్తిడి వల్ల కార్టిసాల్, కార్టిసాల్ వల్ల బుగ్గలు. రుజువుగా రెండు ఫొటోలు చూపిస్తారు. మొదటిది ట్యూబ్‌లైటు కింద, గడ్డం దించుకుని, దిగాలుగా తీసింది. రెండోది కిటికీ పక్కన, గడ్డం ఎత్తి, నవ్వుతూ తీసింది. ఈ రెంటికీ నడుమ ముప్పై రోజులు గడిచాయంటారు. గడిచిన మాట ఎలా ఉన్నా ఒక పొడి డబ్బా మాత్రం ఖాళీ అయింది, డిస్కౌంటు కోడు కింద ఉంది.

ఇంతకీ ఈ విలన్ ఎవరు? మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు రెండున్నాయి. ఒక్కోటి నాలుగైదు గ్రాముల బరువు. కార్టిసాల్‌ను తయారుచేసేది అవే. రక్తపోటు పడిపోకుండా, తిండి లేని వేళ రక్తంలో చక్కెర అడుగంటకుండా, ఒంట్లో వాపు హద్దు మీరకుండా చూడటం దాని పని. తెల్లవారుజామునుంచి పెరిగి మనిషి లేచే వేళకు పైమెట్టు మీద ఉంటుంది, అర్ధరాత్రికి అడుగుకు దిగుతుంది. అంటే పొద్దున ఏడింటికి అది ఎక్కువగా ఉండటం జబ్బు కాదు, డ్యూటీ. ఆ డ్యూటీ మానేస్తే వచ్చేదాన్ని 1855లో థామస్ అడిసన్ అనే ఇంగ్లండు వైద్యుడు వర్ణించాడు: నీరసం, వాంతులు, పడిపోయే రక్తపోటు, చికిత్స లేకపోతే చావు. ఒంట్లోంచి కార్టిసాల్‌ను ‘కడిగేసే’ పానీయం నిజంగా పనిచేసేదే అయితే తాగినవారిని అంబులెన్సులో ఎక్కించాల్సి వచ్చేది. కమలారసం కాబట్టి బతికిపోతున్నారు.

కార్టిసాల్ అతిగా ఊరే జబ్బు మాత్రం నిజంగానే ఉంది. అమెరికాలో మెదడు శస్త్రచికిత్సకు పెద్దదిక్కుగా పేరుపడ్డ హార్వే కుషింగ్ 1912లో ‘మిన్నీ జి.’ అనే 23 ఏళ్ల రోగి గురించి రాశాడు. 1932లో ఇలాంటి కేసులన్నీ ఒకచోట పేర్చి, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో మొలిచే చిన్న కణితి దీనికి మూలమని వాదించాడు. ఆ కణితి అడ్రినల్ గ్రంథులకు తయారుచెయ్, ఇంకా తయారుచెయ్ అని రాత్రీపగలూ ఆర్డర్లు పంపుతూనే ఉంటుంది. కొందరిలో అడ్రినల్‌లోనే గడ్డ పెరిగి, ఏ ఆర్డరూ లేకుండా సొంతంగా దుకాణం తెరుస్తుంది.

ఆ రోగికి మొహం గుండ్రమవుతుంది, నిజమే. వైద్యులు దాన్ని ‘మూన్ ఫేస్’ అంటారు. (మన కవులు అదే మొహాన్ని వందల ఏళ్లుగా మెచ్చుకుంటూ వచ్చారు. పాపం, వాళ్లకు పిట్యూటరీ సంగతి తెలియదు.) కానీ మొహంతో ఆగితే అది కుషింగ్ జబ్బు కాదు. పొట్ట పెరుగుతుంది, చేతులూ కాళ్లూ మాత్రం సన్నబడతాయి. వంటింట్లో పీట మీద కూర్చున్నావిడ పైకి లేవాలంటే గట్టు పట్టుకోవాలి, తొడల్లో కండ కరిగిపోయింది కనుక. గాజు ఒరుసుకున్నా చర్మం కమిలి నీలంగా మారుతుంది. పొట్ట మీద వేలి మందాన ఊదారంగు చారలు పడతాయి, కానుపు చారల్లా తెల్లగా, సన్నగా ఉండవు. ముప్పై ఏళ్లకే బీపీ, షుగరు జంటగా వస్తాయి, చిన్నపాటి దెబ్బకే ఎముక విరుగుతుంది.

ఒంట్లో దానంతటది పుట్టే ఈ జబ్బు ఏటా పది లక్షల మందిలో ఇద్దరికో ముగ్గురికో కొత్తగా వస్తుందని అంచనా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి 2011 లెక్కల్లో జనం ఎనిమిదిన్నర కోట్లకు కాస్త తక్కువ. ఆ లెక్కన రెండు రాష్ట్రాల్లోనూ ఏడాదికి ఓ రెండు వందల మంది తేలాలి. రీల్ కింద ‘నాకూ సేమ్’ అని రాసినవాళ్లను లెక్కపెడితే ఈ కోటా సాయంత్రం కాఫీ వేళకే పూర్తవుతుంది. అసలు రోగులకేమో జబ్బు పేరు తెలియడానికి సగటున దాదాపు మూడేళ్లు పడుతోంది. అన్నాళ్లూ ఇంట్లోవాళ్లు ‘కాస్త తిండి తగ్గించు, వాకింగ్ చెయ్’ అని సలహా ఇస్తుంటారు.

పరీక్షల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ‘స్ట్రెస్ ప్రొఫైల్’ పేరుతో పొద్దున ఎనిమిదింటికి ఇంటికొచ్చి ఒక గొట్టం రక్తం తీసుకెళతారు, సాయంత్రానికి ఎర్రరంగు బాణంతో రిపోర్టు పంపుతారు. కార్టిసాల్ పైమెట్టు మీద ఉండే వేళ చూసి ‘పైన ఉంది’ అని చెప్పడానికి ల్యాబు దేనికి? గర్భనిరోధక మాత్రలు వేసుకునేవారిలో, గర్భిణుల్లో కూడా ఆ అంకె జబ్బేమీ లేకుండానే ఎక్కువ చూపిస్తుంది. ఎండోక్రైనాలజిస్టులు అడిగేవి వేరు: 24 గంటల మూత్రం, అర్ధరాత్రి ఉమ్మి, లేదా రాత్రి పదకొండుకు ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ (కార్టిసాల్‌లాంటి స్టెరాయిడ్) మాత్ర మింగించి మర్నాడు ఎనిమిదింటికి తీసే రక్తం. ఆరోగ్యవంతుడి పిట్యూటరీ ఆ మాత్ర చూసి ‘బయటినుంచి సరుకు వచ్చింది’ అని పని ఆపేస్తుంది. కణితి ఉన్నది ఆపదు. వాడుక తెలుగులో చెప్పాలంటే ఇది వలవేసి దొంగను పట్టడం. వీటిలో ఏదీ పుదీనా రెమ్మతో అందంగా ఫొటో దిగదు గనుక రీల్స్‌లో కనపడవు.

ఇక అసలు కథ. ఆ డెక్సామెథసోన్ అన్న మాట గుర్తుంచుకోవాలి.

సందు చివర మెడికల్ షాపు. సాయంత్రం ఏడు. మోకాళ్లు పట్టుకుని మెట్టెక్కిన ఒక పెద్దావిడ అంటుంది, “బాబూ, మొన్నటి నొప్పుల గోళీలు ఇంకో వారానికియ్యి.” కుర్రాడు అడుగుతాడు, “పెద్దమ్మా, పెద్ద తెల్లదాంతోపాటు చిన్నది కూడానా?” “ఆ చిన్నదే నాయనా పనిచేసేది.” కత్తెర తీసి షీటును అడ్డంగా కోసి, కాగితప్పొట్లంలో వేసి ఇస్తాడు. చీటీ లేదు, పేరు లేదు, బిల్లు లేదు. ఆ చిన్నదే స్టెరాయిడ్. పెద్దమ్మ చెప్పింది ముమ్మాటికీ నిజం: పనిచేసేది అదే. నొప్పి లాగేస్తుంది, ఆకలి పుట్టిస్తుంది, నాలుగు నెలలకు మొహం నిండుగా వస్తుంది. చుట్టాలు చూసి ‘ఒళ్లు చేశావే, బాగున్నావు’ అంటారు. బలానికీ ఒళ్లు రావడానికీ ఇవే గోళీలు మింగే బక్కపలచటి కుర్రాళ్లూ ఉన్నారు.

ప్రపంచంలో కార్టిసాల్ అతి వల్ల చంద్రముఖులైనవారిలో అత్యధికులు ఈ దారిన వచ్చినవారే. కణితుల దారిన కాదు, రాని ప్రమోషన్ దారిన అంతకన్నా కాదు. మాత్ర, ఇంజెక్షన్, పీల్చే మందు, పూసే క్రీము, ఏ రూపంలో వెళ్లినా కార్టిసాల్ బంధువులు ఒంట్లో చేసే పని ఒక్కటే. 2024 ఫిబ్రవరిలో అమెరికన్ హాస్యనటి ఏమీ షూమర్ టీవీలో కనపడితే జనం ఆమె మొహం ఉబ్బిందని ఎగతాళి చేశారు. పరీక్షలు చేయిస్తే కుషింగ్ అని తేలింది, కారణం పెద్ద మోతాదుల్లో తీసుకున్న స్టెరాయిడ్ ఇంజెక్షన్లని ఆమే చెప్పింది. లోకం ఈ వార్తనుంచి ‘మొహం ఉబ్బితే కార్టిసాల్’ అన్న సగం తీసుకుని, ‘ఇంజెక్షన్లు’ అన్న సగం అక్కడే వదిలేసింది.

మందును తిట్టాల్సిన పని లేదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో మంచాన పడ్డ రోగికి కార్టిసోన్ ఇస్తే కొద్దిరోజుల్లో లేచి నడిచింది. రెండేళ్లకే, 1950లో, హెంచ్, కెండాల్, రైఖ్‌స్టైన్‌లకు నోబెల్ వచ్చింది. ఉబ్బసం ముదిరినప్పుడు, లూపస్ విరుచుకుపడ్డప్పుడు ప్రాణం నిలబెట్టేది ఇదే. కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైనవారికి రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ ప్రాణాలు కాపాడుతుందని 2020 జూన్‌లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. ఆక్సిజన్ అక్కర్లేనివారికి ప్రయోజనం లేదని కూడా అదే పరిశోధన చెప్పింది. ఆ రెండో వాక్యం వాట్సాప్‌లో ఫార్వర్డ్ కాలేదు. దగ్గు మొదలైన మొదటిరోజే స్టెరాయిడ్ మింగినవారు, చక్కెర నాలుగు వందలు దాటినవారు 2021 వేసవిలో ఎందరో. ఆ మే నెలలోనే తెలంగాణ ప్రభుత్వం ఇలాంటివారి మీద పడే బ్లాక్ ఫంగస్‌ను అంటువ్యాధుల చట్టం కింద చేర్చాల్సి వచ్చింది.

క్రీములది ఇంకో పురాణం. తామర తగ్గడానికి ఒకటి, తెల్లబడటానికి ఒకటి, రెండింట్లోనూ బీటామెథసోనో క్లోబెటసాలో ఉంటుంది. తామర మొదట అణగి తర్వాత చేయంత పాకుతుంది. మొహం మొదట మెరిసి, ఆపగానే ఎర్రబారి మండుతుంది. చర్మవైద్యులు పోరాడగా పోరాడగా 2018లో కేంద్రం పద్నాలుగు స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే చీటీ లేనిదే అమ్మకూడదు. ఆ నోటిఫికేషన్‌ను ఎవరైనా పెద్దక్షరాల్లో అచ్చువేసి మెడికల్ షాపులో గోడకు అంటించి ఉంటే, దాని ముందే ఆ క్రీముల అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి.

‘అంతా మూలికలే, సైడ్ ఎఫెక్టులుండవు’ అనే కీళ్లనొప్పుల సరుకు సంగతి అడగొద్దు. అమెరికాలో ‘ఆర్ట్రి కింగ్’ అని ఒకటి అమ్మారు. లేబుల్ మీద పసుపు, గ్లూకోజమీన్ లాంటివి. లోపల డెక్సామెథసోన్, డైక్లోఫెనాక్ ఉన్నాయని 2022లో అక్కడి ఎఫ్‌డీఏ పలుమార్లు హెచ్చరించింది. మూలిక అంత త్వరగా నొప్పి లాగేసిందంటే మూలికను కాదు, డబ్బాను అనుమానించాలి.

ఇక్కడే ఈ బాగోతంలో అందరికన్నా గొప్ప హాస్యం ఉంది. నెలల తరబడి డెక్సామెథసోన్ మింగి చంద్రబింబమైన పెద్దమ్మకు కార్టిసాల్ పరీక్ష చేస్తే అంకె ఎక్కువ రాదు, దాదాపు సున్నా వస్తుంది! బయటి సరుకు దండిగా వస్తుంటే సొంత అడ్రినల్ దుకాణం కట్టేసి నిద్రపోతుంది, ఆ పరీక్షేమో బయటి డెక్సామెథసోన్‌ను గుర్తుపట్టదు. ఆ రిపోర్టు చూసిన ఇన్‌స్టాగ్రామ్ పండితుడు ఆమెకు ‘అడ్రినల్ ఫెటీగ్’ అంటగడతాడు. అలాంటి జబ్బేదీ లేదని ఎండోక్రైనాలజిస్టులు మొత్తుకుంటున్నా ఆ పేరుతో డబ్బాలు అమ్ముడవుతూనే ఉన్నాయి. పోనీ కొడుకు భయపడి గోళీలన్నీ చెత్తబుట్టలో పారేశాడా, అది ఇంకా ప్రమాదం. నిద్రపోయిన గ్రంథి చిటికేస్తే లేవదు. వారాలూ నెలలూ మోతాదు మెల్లగా తగ్గిస్తూ లేపాలి. ఒక్కసారిగా ఆపితే అడిసన్ వర్ణించిన ఆ వాంతులు, ఆ పడిపోయే రక్తపోటు తలుపు తడతాయి.

ఈ కథలో కుక్కకూ ఒక పాత్ర ఉంది, అది ఊరికే వచ్చింది కాదు. మనుషుల్లో లక్షల్లో ఒకరికి వచ్చే ఈ జబ్బు కుక్కల్లో ఏటా వెయ్యికి ఒకటి రెంటికి వస్తుంది. నడివయసు దాటిన పూడిల్, డాక్స్‌హండ్, బాక్సర్, బీగిల్ జాతుల్లో ఎక్కువ. నూటికి ఎనభైకి పైగా కేసుల్లో దోషి పిట్యూటరీయే, అచ్చం కుషింగ్ చెప్పినట్టు. పైగా మందు కూడా కుక్కల పుణ్యమే. 1949లో డీడీటీకి దాయాది అయిన డీడీడీ అనే పురుగుమందును కుక్కలకు తినిపించి చూస్తే వాటి అడ్రినల్ పైపొర ఎండిపోయింది. ఆ గమనింపులోంచే మైటోటేన్ పుట్టింది. అడ్రినల్ క్యాన్సరుకు మనుషులు ఈరోజుకీ అదే మింగుతున్నారు. కుక్కలకు ఇప్పుడు ఎక్కువగా ట్రైలోస్టేన్ వాడతారు. అమెరికాలో 2008లో దానికి అనుమతి వచ్చింది.

కుక్క రీల్స్ చూడదు కాబట్టి దాని లక్షణాల్లో నటన ఉండదు. నీళ్ల గిన్నె ఖాళీ చేస్తుంది, మళ్లీ ఖాళీ చేస్తుంది, ఇల్లంతా తడుపుతుంది. పొట్ట కుండలా వేలాడుతుంది. నడుముకు రెండువైపులా వెంట్రుకలు రాలతాయి. ఏసీ గదిలోనూ రొప్పుతుంది. యజమాని వ్యాఖ్యానం మాత్రం సిద్ధంగా ఉంటుంది: నీళ్లకు ‘ఎండలండీ’, పొట్టకు ‘మా అత్తగారు నెయ్యన్నం పెడతారు’, వెంట్రుకలకు ‘షాంపూ పడలేదు’, రొప్పుకు ‘వయసు’. రోజుకు కిలో బరువుకు వంద మిల్లీలీటర్లు దాటి తాగితే అనుమానించాలన్నది పశువైద్యుల లెక్క. పన్నెండు కిలోల బీగిల్‌కు అది లీటరుంబావు కూడా కాదు. కొలిచే గ్లాసు ఇంట్లోనే ఉంటుంది, కమలారసం పక్కన.

పెట్ షాపులకూ గాలి సోకింది. 2019లో స్వీడన్ పరిశోధకులు 58 కుక్కల వెంట్రుకల్లో కార్టిసాల్ కొలిచి, అది యజమానుల వెంట్రుకల్లోని దానితో పాటే పెరిగి తగ్గుతోందని చెప్పారు. ఆ పరిశోధన జబ్బు గురించి కాదు, దీర్ఘకాలపు ఒత్తిడి గురించి. దాని ఆసరాతో కుక్కలకూ ఒత్తిడి దించే బిళ్లలు కొనిపించవచ్చన్న ఆలోచన మాత్రం పరిశోధకులది కాదు, వ్యాపారానిది.

ఆ మధ్య ఒక బీగిల్‌ను తీసుకుని హైదరాబాదులో ఒక కుటుంబం పశువైద్యురాలి దగ్గరికి వెళ్లింది. పొట్ట, దాహం, రాలిన వెంట్రుకలు, అన్నీ పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే. ఆమె ముందు కుక్క టీకాల పుస్తకం అడిగారు. వెనక పేజీల్లో, వేరే క్లినిక్కులో దురదకు వేయించిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లు తేదీలతో సహా వరసగా ఉన్నాయి: నెలకొకటి, పద్నాలుగు నెలలు. “కణితి వెతకడానికి ముందు ఇవి చూడాలండీ,” అని ఆమె వేలు పెట్టి చూపించారు.

పక్క కుర్చీలో కూర్చున్న బామ్మగారు పుస్తకంలోకి తొంగి చూశారు. మొహం గుండ్రంగా, నిండుగా ఉంది. ముంజేతుల మీద నీలపు మచ్చలు. “డాక్టరమ్మా, నా మోకాళ్లకు ఇచ్చేవి కూడా ఇలాంటివేనా ఏమిటి?” అని పర్సులోంచి కాగితప్పొట్లం తీశారు. కుక్కకైతే పద్నాలుగు నెలల చిట్టా ఉంది. ఈవిడకు ఉన్నది కత్తెరతో కోసిన షీటు ముక్క. డాక్టరు దాన్ని ఫోను లైటు కింద అటూ ఇటూ తిప్పారు. పేరు సగం తెగిపోయింది, మిగిలింది ‘సోన్’ అన్న తోక ఒక్కటే.