తీసేసి మళ్ళీ పెట్టు వైద్యం

మెయిల్ రాకపోతే హెల్ప్‌డెస్క్ దగ్గర ఇప్పుడు ఒకటే మందు: "అకౌంట్ తీసేసి మళ్ళీ పెట్టండి సార్!" పోర్టు నంబరు తప్పినా, నెట్ పోయినా అదే మోతాదు. కార్ఖానా మెయిన్ రోడ్డు మేడల మీది ట్యాక్స్ కన్సల్టెంట్ల ఆఫీసుల్లో అయితే జీఎస్టీ గడువైన 20వ తేదీ సాయంత్రం ఈ వైద్యం మరీ జోరు.

తెర మీద కనిపించేది "పాస్‌వర్డ్ తప్పు". మానిటర్‌కు అంటించిన చీటీలో పాస్‌వర్డ్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. మారింది లోపలికి రానిచ్చే పద్ధతి. ఉత్త పాస్‌వర్డ్‌తో రానిచ్చే పాత పద్ధతిని గూగుల్ వ్యక్తిగత ఖాతాలకు 2022 మే 30న, మైక్రోసాఫ్ట్ తన అవుట్‌లుక్.కామ్ ఖాతాలకు 2024 సెప్టెంబరు 16న మూసేశాయి. జీమెయిల్‌కు పాత సాఫ్ట్‌వేర్ వాడాలంటే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. ఈ ముక్క తెర చెప్పదు, ఫోనెత్తినవాడూ చెప్పడు. పైగా "పాస్‌వర్డ్ మార్చి చూడండి" అంటాడు. గూగుల్ పాస్‌వర్డ్ మార్చగానే అంతవరకూ ఇచ్చిన యాప్ పాస్‌వర్డులన్నీ రద్దవుతాయి. అప్పటిదాకా బుద్ధిగా మెయిల్ పంపుతున్న మూలనున్న స్కానర్ కూడా మూగబోతుంది. ఒక రోగికి వైద్యం, ఇద్దరికి మంచం!

ఇక ఆ తీసేయడం సంగతి. ఖాతా ఐమ్యాప్‌లో ఉంటే మెయిళ్లు సర్వర్ మీదే ఉంటాయి, తీసినా తిరిగొస్తాయి. పాప్‌లో ఉండి, సర్వర్‌పై కాపీ ఉంచమని పెట్టకపోతే, దిగిన ఉత్తరాలకు ఆ కంప్యూటరే దిక్కు. థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో ఖాతా తీసేటప్పుడు మెసేజ్ డేటా కూడా తీసేయాలా అనే గడి ఉంటుంది. ఫోన్లో అవతలివాడు "అన్నిటికీ టిక్ పెట్టండి సార్" అంటాడు. ఏళ్ల తరబడి దాచిన క్లయింట్ల బిల్లులు, నోటీసులు ఆ ఒక్క టిక్కుతో గంగపాలు. పాపా, ఐమ్యాపా అని ఒక్క ప్రశ్న అడగడానికి నోరు రాని మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టడం సేవ కాదు, నిర్లక్ష్యం. దానికి జీతం ఇచ్చేవాళ్లది ఇంకా పెద్ద నిర్లక్ష్యం.

అసలు వైద్యం ఇదీ: ముందు బ్రౌజర్లో మెయిల్ తెరిచి చూడాలి. అక్కడ వస్తుంటే ఖాతా బాగానే ఉంది, తప్పు సెట్టింగుల్లో ఉంది. జీమెయిల్‌కు ఐమ్యాప్ పోర్టు 993, పంపడానికి 465 లేదా 587. వస్తూ, వెళ్లకపోతే చూడాల్సింది ఈ పంపే పోర్టునే. కంప్యూటర్ తేదీ తప్పితే సర్టిఫికెట్ గొడవ. బ్రౌజర్లోనూ రాకపోతే స్థలం నిండిందేమో చూడాలి: గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఫొటోలు, డ్రైవ్ కూడా వాటాదారులే. అకౌంట్ ఎన్నిసార్లు తీసి పెట్టినా పెళ్లి వీడియోలు అక్కడి నుంచి కదలవు.