అడవిలో టైగర్

లగ్గాల ఫొటోలు తీసి బతికేవాడి నోట్లో ఎప్పుడూ నానే మాట ఒకటే: "జర ఇటు సూడుండ్రి." పెళ్లికొడుకు చూస్తాడు. పెళ్లికూతురు చూస్తుంది. బంతిలోంచి ఎంగిలిచేత్తో లేచి వచ్చిన మేనమామ పిలవకపోయినా చూస్తాడు. కుక్క మాత్రం చూడదు. పెగడపల్లి చుట్టుపక్కల లగ్గాలు, పుట్టువెంట్రుకలు, గృహప్రవేశాలు తీసుకుంటూ తిరిగే నాకు ఈ సత్యంతో పని పడింది గల్ఫ్ పుణ్యాన.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు గల్ఫ్ పోయిన మనిషి లేని వాడ దొరకడం కష్టం. అక్కడినుంచి నాకు ఆర్డర్లు వస్తుంటాయి. అవ్వ ఫొటో, కొత్తగా పోసిన స్లాబు ఫొటో, తమ్ముడు నిజంగానే బోరు వేయించాడా లేదా తేల్చే ఫొటో. దుబాయిలో ఉన్న మా చిన్నాయిన కొడుకు ఇవేవీ అడగలేదు. "అన్నా, మా టైగర్‌ది గుట్టకాడ మంచి ఫొటో కావాలె. కుక్కా కనపడాలె, అడవీ కనపడాలె" అన్నాడు.

అనడానికి ఎంత సులువు! కుక్క బాగా కనపడాలంటే దగ్గరికి పోవాలి. పోతే అడవి మాయం. అడవి కనపడాలంటే వెనక్కి జరగాలి. జరిగితే టైగర్ జాతరలో తప్పిపోయిన చెప్పులాగా ఎక్కడో ఓ మూల పడి ఉంటాడు.

నిజాం కొలువులో ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్‌కు ఈ తిప్పలు లేవు. 1902లో వైస్రాయ్ కర్జన్ నిజాం రాజ్యానికి వేటకొచ్చినప్పుడు ఆయన స్టూడియో తీసిన ఫొటో నేటికీ ప్రసిద్ధం. భార్యాభర్తలిద్దరూ నిలబడి ఉంటారు, ముందు పులి పడి ఉంటుంది. ఎంత చక్కటి కూర్పు! పులి పెట్టినచోట పెట్టినట్టే ఉంది. ఉండక ఏం చేస్తుంది, చచ్చింది కదా. మా టైగర్ బతికే ఉన్నాడు, చిక్కంతా అక్కడే. పురాణాల్లో వెతికినా అడవిలో కుక్క సంగతి తేల్చినవాడు ఏకలవ్యుడొక్కడే కనిపిస్తాడు, అదీ నోటినిండా బాణాలు కొట్టి. చివరికి ఆయన బొటనవేలు పోయింది. సెల్‌ఫోన్ల కాలంలో బొటనవేలు పోతే ఫొటోగ్రాఫరు బతుకు అంతే సంగతులు.

ఫోన్ తెరమీద గీతలు గీసి తొమ్మిది గళ్లు చూపిస్తారు చూడండి, ఆ మూడోవంతు లెక్కకు పేరు పెట్టినవాడు జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండు చిత్రకారుడు. పల్లె దృశ్యాల మీద 1797లో రాసిన పుస్తకంలో చెప్పాడు. అప్పటికి కెమెరాలు లేవు, ఆయన చెప్పింది బొమ్మలు గీసేవాళ్లకు. గీసేవాడికేం, కావలసిన గడిలో కుక్కను గీసుకుంటాడు. నేను గళ్లు సరిచూసుకునేసరికి టైగర్ పక్క మండలంలో ఉంటాడు. అలాగని లెక్క తప్పనను. కుక్కను నడిమధ్యన కూర్చోబెడితే ఆధార్ కార్డు ఫొటో అవుతుంది. కొంచెం పక్కకు జరిపి, అది చూస్తున్న వైపు జాగా వదిలితే ఎటో పోబోతున్న ప్రాణిలా ఉంటుంది. తోక వైపు జాగా వదిలి ముక్కును అంచుకు ఆనించే కళాకారులు కూడా ఉన్నారు, మా బామ్మర్దిలాగా. వాడు తీసిన కుక్కలన్నీ గోడకు గుద్దుకోబోతున్నట్టే ఉంటాయి.

ఇన్నాళ్ల మీద నా తీర్పు ఏమిటంటే, అడవిలో కుక్క ఫొటోను చెడగొట్టేది చెట్టే. టైగర్ వెనక నిలబడ్డ టేకు, ఫొటోలోకి రాగానే టైగర్ నెత్తిమీద మొలుస్తుంది. కంటికి అడ్డంగా ఒక ఎండుపుల్ల వస్తుంది. వెనక ఆకుల సందులోంచి దిగిన ఎండ, కుక్క మొహం కన్నా ఎక్కువ మెరుస్తుంది. కొండగట్టు దిక్కు పోతే వీటికి తోడు కోతులు. వెనకాల కొమ్మమీద ఓ కోతి కూర్చుందంటే చూసేవాళ్లు ఇక కుక్కను చూడరు, కుక్క కూడా కెమెరాను చూడదు. మందు చాలా చవక. కుక్కను జరపకుండా మనమే రెండడుగులు పక్కకు జరగాలి. చెట్లకూ కుక్కకూ నడుమ దూరం ఎక్కువగా, కుక్కకూ మనకూ నడుమ తక్కువగా ఉండాలి. అప్పుడు వెనకనున్న అడవి మెత్తగా మసకబారి, అడవిలాగా ఉంటూనే అడ్డం రాకుండా ఉంటుంది. బండ్లబాట దొరికితే మరీ మంచిది. రెండు పక్కలా చెట్లు, నడుమ బాట, బాటలో కుక్క. మా తమ్ముడు అడిగిన రెండూ ఒక్కచోటే దొరుకుతాయి.

రంగు సంగతి మరీ ముఖ్యం. టైగర్ ఎర్రకుక్క. మాఘం దాటాక టేకు ఆకులు రాలి నేలంతా ఎర్రబారి ఉంటుంది. ఆ ఎండాకుల్లో ఎర్రకుక్కను కూర్చోబెడితే రెండు కళ్లు, ఒక నాలుక తప్ప ఏమీ కనపడవు. ఒక నడివయసు ఆసామి తన కుక్క ఫొటో చూసి "ఆకులు మంచిగ తీసినవ్" అని మెచ్చుకున్నాడు. ఎర్రకుక్కలకు వానకాలమే పెండ్లికాలం, వెనక పచ్చదనం ఉంటే వాటి ఒళ్లు బంగారం. నల్లకుక్కలది మరో గొడవ. నలుపు తెరనిండా ఉంటే కెమెరా చీకటిపడిందనుకుని వెలుగు పెంచి దాన్ని బూడిదరంగు చేస్తుంది. అదే నల్లకుక్క ఎండపొడలో చిన్నగా ఉంటే బొగ్గుముద్ద. ఫోన్‌లో కుక్క మొహం మీద వేలు పెట్టి తాకి, పక్కనే వచ్చే సూర్యుడి గుర్తును కిందికో మీదికో జరపడం నేర్చుకోవాలి. మిట్టమధ్యాహ్నం చెట్టుకింద తీస్తే ఏ రంగు కుక్కైనా ఎండపొడలు పడి చిరుతపులి అవుతుంది. పొద్దున్నే తీయండి, లేదా మబ్బు పట్టిన రోజు తీయండి.

ఇక పడుకునే విషయం. నిలబడి తీస్తే కుక్క నడుము, రెండు చెవులు వస్తాయి. దాని కంటి ఎత్తుకు మన కెమెరా దిగాలి, అంటే నేలమీద బోర్లా పడాలి. అమెరికాలో ఎలియట్ ఎర్విట్ అనే మహానుభావుడు ఇందులో ఘనుడు. 1974లో న్యూయార్క్‌లో ఆయన తీసిన ఫొటోలో ఒక పక్క టోపీ పెట్టుకున్న చిట్టికుక్క, పక్కన ఒక ఆడమనిషి బూట్లు, ఆ పక్కన మరో పెద్ద కుక్క కాళ్లు. అంతే, పైలోకం లేదు. కుక్కలు తనవైపు చూడాలని ఆయనే మొరిగేవాడు కూడా. న్యూయార్క్‌లో అది కళ. మా గుట్టకింద నేను పల్లేరుకాయల మీద బోర్లా పడి భౌభౌమంటుంటే బర్లకాడి పెద్దమనిషి పరుగెత్తుకొచ్చి "ఏమాయెనే ఫొటో సారూ, కుక్క కరిసిందా?" అని అడిగాడు. మనిషికి పిచ్చి లేచిందన్న వార్త నాకంటే ముందు ఊరు చేరింది.

మొరగడం కన్నా బిస్కెట్ పాకెట్టు చప్పుడు మేలు. పేరు పెట్టి మాత్రం పిలవొద్దు. పిలిస్తే కుక్క చూడదు, వస్తుంది. వచ్చి లెన్సు నాకుతుంది. చివరికి మా తమ్ముడినే గొంతు పంపమన్నాను. దుబాయిలో వాట్సాప్ కాల్ నడవదు, వాయిస్ మెసేజ్ పోతుంది. "అరే టైగర్, ఏం జేస్తున్నవ్‌రా" అని పంపాడు. వేరే ఫోన్‌ను బాట పక్కన మోదుగుకొమ్మకు వేలాడదీసి ఆ గొంతు వినిపించాను. టైగర్ చెవులు నిక్కాయి, తల ఓ పక్కకు వంగింది, చూపు కొమ్మవైపు నిలిచింది. ఆ వైపు జాగా వదిలి పెట్టుకుని ఉన్నా కాబట్టి ఫొటో పడింది. కుక్కా ఉంది, బాటా ఉంది, అడవీ ఉంది, ముక్కు ముందు ఆకాశమంత జాగా ఉంది.

పంపాను. చూసి తమ్ముడు కూర్పు గురించి ఒక్క మాట అనలేదు. "టైగర్ బక్కగయిండేంది?" అన్నాడు. ఆ సాయంత్రమే అవ్వకు ఫోన్ చేసి కుక్కకు అన్నం పెడుతున్నారా లేదా అని లడాయి పెట్టుకున్నాడట. అవ్వ ఆ కోపం నామీద తీర్చుకుంది. ఫొటోగ్రాఫరు పక్క నుంచి తీస్తే పక్కటెముకలు కనపడతాయి, ఎదురుగా తీస్తే కనపడవు. మీకూ దూరదేశంలో కుక్కమీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు ఉంటే ఇది గుర్తుంచుకోండి.

ఈ వానకాలానికి ఇంకా ఆర్డర్లు ఉన్నాయి కాబట్టి ముందే చెబుతున్నా. రిజర్వు ఫారెస్టు బోర్డు దాటి కుక్కతో నేను రాను. నెమళ్లు నేలమీదే గుడ్లు పెడతాయి, కుందేళ్లు పొదల్లో ఉంటాయి, మన కుక్కకు ఫొటో కన్నా వాటిమీదే ధ్యాస. ఊరి అంచు గుట్ట చాలు. పొద్దున ఏడింటిలోపు రండి, కుక్కకు కడుపునిండా పెట్టకుండా తీసుకురండి, బిస్కెట్ పాకెట్టు మీరే తెచ్చుకోండి.